విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి: మా చెవుల గురించి ఒక విన్నపం

కలెక్టర్ గారూ, నమస్కారం.

మా నాన్న జూట్ మిల్లులో మగ్గాల మధ్య ముప్పై ఏళ్లు పనిచేశారు. ఇప్పుడు మనవరాలు పక్కనే కూర్చుని పిలిచినా ఆయనకు వినబడదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవని డాక్టర్ చెప్పినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. రోజూ 8 గంటలు 85 డెసిబుల్స్ మోతలో ఉంటే ఈ ముప్పు మొదలవుతుంది.

డీజే పెట్టెల ముందు చిందులేసే పిల్లలను చూస్తే టెన్షన్‌గా ఉంటుంది. సిరిమానోత్సవంలో తప్పెటగుళ్లు నాకూ ఇష్టమే, నా బాధ ఈ పెట్టెలతోనే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఆసుపత్రులు, బడుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చంటున్నాయి. అలా ప్రకటింపజేసి, అమలు చేయించండి. మిల్లు కార్మికులకు ఇయర్‌ప్లగ్‌లు, ఏటా వినికిడి పరీక్షలు ఇప్పించండి.

ఇట్లు,
ఒక మిల్లు కార్మికుడి కూతురు