నిరుద్యోగ రేటు: ఏడాది లెక్క వేరు, వారం లెక్క వేరు

సంపాదకులకు నమస్కారం.

కేంద్ర గణాంక శాఖ 2025 మే 15న ఏప్రిల్ నెల నిరుద్యోగ రేటును వెల్లడించి, దేశంలో తొలిసారిగా ఈ లెక్కను అధికారికంగా నెలనెలా ఇచ్చే పద్ధతికి శ్రీకారం చుట్టింది. అంతకుముందు ఎప్పుడో ఒకసారి లోపలి పేజీల్లో వచ్చిపోయే విషయం ఇప్పుడు తరచుగా పతాక శీర్షికలకు ఎక్కుతున్నందుకు, ఆర్థిక విధాన రంగంలో ఉపాధి గణాంకాలను విశ్లేషించడమే వృత్తిగా పెట్టుకున్న నా వంటి వారికి సంతోషమే. అయితే ఆ అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చే తీరులో ఒక పొరపాటు పదేపదే దొర్లుతోంది. దానిని మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

గణాంక శాఖ ఇంటింటికీ వెళ్లి జరిపే ఉపాధి సర్వే, అంటే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే, 2023-24 వార్షిక నివేదిక ప్రకారం పదిహేనేళ్లు పైబడిన వారిలో నిరుద్యోగ రేటు 3.2 శాతం. 2025 ఏప్రిల్ నెలవారీ లెక్క ప్రకారం అది 5.1 శాతం. ఈ రెండింటినీ చూసి నిరుద్యోగం ఒక్కసారిగా ఎగబాకిందని రాస్తే అది పూర్తిగా తప్పు, ఎందుకంటే ఇవి రెండు వేర్వేరు కొలతలు. వార్షిక నివేదికలో ప్రధానంగా చూపేది గడచిన 365 రోజుల్లో మనిషి ఎక్కువ కాలం ఏం చేశాడన్నది; ఎక్కువ కాలం పని లేకపోయినా కనీసం ముప్పై రోజులు ఏదో ఒక పనిలో ఉంటే అతనినీ ఉపాధి ఉన్నవారిలోనే కలుపుతారు. నెలవారీ లెక్క అడిగేది గత ఏడు రోజుల సంగతి మాత్రమే. ఆ వారంలో ఏ ఒక్క రోజైనా ఒక గంట పని దొరికితే ఉపాధి ఉన్నట్టు, ఆ గంట కూడా దొరకక పని కోసం వెతికినా, చేయడానికి సిద్ధంగా ఉన్నా నిరుద్యోగి కింద లెక్క. పల్నాడులో మిరప కోతలకు వెళ్లే కూలీ ఏడాది లెక్కలో నిక్షేపంగా ఉపాధి ఉన్న మనిషి. కోతలు అయిపోయాక మే నెలలో ఒక వారం పని దొరక్క ఖాళీగా ఉంటే వారం లెక్కలో ఆమే నిరుద్యోగి. కాబట్టి సాధారణంగా వారం లెక్క ఏడాది లెక్క కంటే ఎక్కువే ఉంటుంది. అదే 2023-24లో వారం కొలత ప్రకారం రేటు 4.9 శాతం. అంటే ఏప్రిల్ నాటి 5.1కి సరైన జత 4.9 గానీ 3.2 కాదు.

ఆ మరుసటి నెల, మేలో, రేటు 5.6కి పెరిగినప్పుడు కూడా ఇదే ఇబ్బంది ఎదురయింది. రబీ కోతలు ముగిశాక పల్లెల్లో పని తగ్గడం ఏటా జరిగేదే. రుతువుల వల్ల వచ్చే ఈ హెచ్చుతగ్గులను వేరు చేసి చూపాలంటే కొన్నేళ్ల నెలవారీ లెక్కలు చేతిలో ఉండాలి, అవి మనకు ఇంకా పోగుపడలేదు. అప్పటిదాకా మేను మేతోనే పోల్చడం క్షేమం. చర్చావేదికల మీద పాలకపక్షం ఏడాది లెక్క చూపుతుంది, ప్రతిపక్షం వారం లెక్క చూపుతుంది. ఇద్దరూ అబద్ధమాడరు, వినేవాడికి మాత్రం ఏమీ తెలియదు.

ఇక ఈ రేటు తక్కువగా ఉన్నంత మాత్రాన ఉద్యోగాలు బాగున్నట్టు కూడా కాదు. 2023-24లో పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వయసు వారి నిరుద్యోగం కేరళలో దాదాపు 30 శాతం ఉంటే, మధ్యప్రదేశ్‌లో మూడు శాతం కంటే తక్కువ. కేరళ యువతకు లేని మంచి కొలువులు మధ్యప్రదేశ్ యువతకు ఉన్నాయని ఎవరైనా నమ్ముతారా? చదువుకుని, తగిన పని దొరికే దాకా ఆగగలిగే స్తోమత ఇంట్లో ఉన్నవాళ్లే నిరుద్యోగులుగా లెక్కకు వస్తారు. పూట గడవని ఇంటి పిల్లవాడు దొరికిన పనిలో చేరిపోతాడు, ఆ పని ఎంత నాసిరకమైనదైనా రేటు తగ్గుతుంది.

2017-18లో 6 శాతం ఉన్న వార్షిక రేటు 3.2కి దిగిన ఆరేళ్లలోనే మహిళల శ్రామిక భాగస్వామ్యం, అంటే పని చేస్తున్న లేదా పని కోసం చూస్తున్న మహిళల వాటా, 23.3 నుంచి 41.7 శాతానికి పెరిగింది. ఈ రెండు అంకెలూ ప్రసంగాల్లో విరివిగా వినిపిస్తాయి. అదే పట్టికల్లో స్వయం ఉపాధి వాటా 52.2 నుంచి 58.4కి పెరిగిందనీ, నెల జీతగాళ్ల వాటా 22.8 నుంచి 21.7కి తగ్గిందనీ, ఇంటి వ్యాపారంలోనో సేద్యంలోనో పైసా తీసుకోకుండా సాయపడేవారు మొత్తం పనివారిలో ఇంచుమించు ఐదో వంతు ఉన్నారనీ ఎవరూ చెప్పరు. పనిచేసే మహిళల్లోనైతే ఇలాంటి వారు మూడో వంతుకు పైనే.

ఈ లెక్క ఎలా తయారవుతుందో దగ్గరి నుంచి చూస్తే మరికొంత అర్థమవుతుంది. మా సంస్థ చేపట్టిన ఒక చిన్న అధ్యయనం కోసం సర్వే సిబ్బంది వెంట కరీంనగర్ వైపు ఒక ఊరికి వెళ్లినప్పుడు, ఇంటి పెద్ద తన భార్య గురించి "ఆమె ఏం పని చెయ్యదు మేడం, ఇంటి కాడనే ఉంటది" అన్నాడు. అదే సమయానికి ఆమె గడ్డి మోపు దించుకుని బర్రెల కొట్టంలోకి వెళ్తోంది. ఉన్నదున్నట్టు రాసుకుంటే సర్వే పత్రంలో ఆమెకు పడేది 92వ కోడ్, అంటే ఇంటిపని మాత్రమే. పాలు ఎవరు పిండుతారు, కేంద్రానికి ఎవరు పోస్తారు అని మరో రెండు ప్రశ్నలు వేస్తే గానీ 21, అంటే జీతం లేని కుటుంబ సహాయకురాలు, అని తేలలేదు. పాల కేంద్రం పుస్తకం భర్త పేరిటే ఉంది. ఇంట్లో ఎవరు జవాబిచ్చారు, అడిగినవారు ఎంత ఓపికగా అడిగారు అన్న దాన్ని బట్టి లక్షల మంది మహిళలు ఈ గీతకు అటో ఇటో పడతారు. మహిళల భాగస్వామ్యంలో కనిపించే పెరుగుదలలో నిజంగా పెరిగిన పని ఎంత, మునుపు లెక్కకెక్కని పని ఎంత అన్నది పరిశోధకులు ఇంకా తేల్చుకుంటున్నారు. నా మట్టుకు నాకు రెండూ ఉన్నాయనే అనిపిస్తుంది.

ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ (ఈపీఎఫ్ఓ) నెలనెలా ఇచ్చే అంకెల విషయమూ ఇంతే. కొత్తగా చేరిన వారు, మానేసి మళ్లీ చేరిన వారు కలిపి, వెళ్లిపోయిన వారిని తీసేయగా మిగిలిన సంఖ్య అది. ఇరవై మంది పనిచేసే చోట భవిష్యనిధి తప్పనిసరి గనుక, పందొమ్మిది మందితో నడిచే సంస్థ ఒక్కరిని చేర్చుకున్నా ఇరవై మందీ కొత్త చందాదారులుగా కనిపించవచ్చు. ఆ సంఖ్యను "ఈ నెల ఇన్ని లక్షల కొత్త ఉద్యోగాలు" అని రాయడం సరికాదు.

అధికారుల నుంచి మా వంటి వారికి తరచుగా వచ్చే అభ్యర్థన, ఫలానా జిల్లాలో ఎంత మందికి ఏ శిక్షణ కావాలో ఒక్క అంకెలో చెప్పమని. 2025 జనవరి నుంచి సర్వే పరిధి 1,02,400 కుటుంబాల నుంచి 2,72,304 కుటుంబాలకు పెరిగింది, నమూనా ఎంపికకు జిల్లాయే ప్రాథమిక విభాగమైంది. ఇది మెచ్చుకోదగిన మార్పు. అయినా ఒక్కో జిల్లా వాటాకు వచ్చే ఇళ్లు కొద్దే గనుక, వాటిని బట్టి ఆ జిల్లాలో ఎలక్ట్రీషియన్లు ఎందరు కావాలో తేల్చలేము. తేల్చలేమని చెబితే విసుక్కుంటారు. దశాంశ స్థానంతో సహా ఏదో ఒక అంకె రాసిస్తే సంతోషిస్తారు. దాని మీద ఆధారపడి కోర్సులు ప్రారంభమవుతాయి.

మనకు ఈ గణాంకాలు తేలికగా దక్కలేదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం. ఈ సర్వే తొలి వార్షిక నివేదికను విడుదల చేయకుండా ఆపారన్న కారణంతో 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్ తాత్కాలిక అధ్యక్షుడు పి.సి. మోహనన్, సభ్యురాలు జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. ఆ నివేదిక మే 31న, ఎన్నికలు ముగిశాక గానీ బయటకు రాలేదు. ఇప్పుడు ఈ లెక్కలు ముందే ప్రకటించిన తేదీకి నెలనెలా వస్తున్నాయి.

కనుక మీ పత్రికకు నా విన్నపం ఇది. ఉపాధి వార్త వేసినప్పుడల్లా అది ఏడాది కొలతా వారం కొలతా, ఏ వయసు వారిది, పోలుస్తున్నది ఏ కాలంతో అన్న వివరాలు వార్తలోనే ఇవ్వండి. వీలైతే నెల జీతగాళ్లు, దినకూలీలు, స్వయం ఉపాధి వారు, జీతం లేని సహాయకులు ఎంతెంత శాతమో పక్కన చిన్న పట్టికగా వేయండి. ఆ అంకెలన్నీ గణాంక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ఇట్లు,
ఉపాధి గణాంకాల విశ్లేషకురాలు,
హైదరాబాద్