కౌన్సిలరు కాలువ గట్టున కనిపించాలి

సంపాదకులు గారికి,

బొబ్బిలి లాంటి చిన్న మున్సిపాలిటీలో వార్డు కౌన్సిలరు పెళ్లిళ్లకూ పరామర్శలకూ వెళ్లడం మంచిదే. పండగకో ఫ్లెక్సీ కూడా మామూలే. కానీ వానలకు ముందు కాలువ పూడిక తీసే రోజున దగ్గరుండి చూస్తే వార్డుకు అంతకంటే మేలు.

పూడిక ఎప్పుడూ దిగువ నుంచి, అంటే నీరు బయటికి పోయే చోటు నుంచి ఎగువకు తీసుకుంటూ పోవాలి. పైనుంచి మొదలెడితే కదిలిన బురదంతా పోయి కల్వర్టు కింద పేరుకుంటుంది. ఇళ్ల ముందు కాలువ మీది పలకలు లేపకుండా వదిలేసిన నాలుగడుగుల దగ్గరే నీరు ఎదురు తన్నేది. పలక తీయమని ఇంటివారికి చెప్పడం పారిశుద్ధ్య కార్మికుడి వల్ల కాదు, కౌన్సిలరు మాటకే అవుతుంది. తీసిన మట్టి కాస్త ఆరగానే ట్రాక్టరుకెత్తాలి. గట్టునే వదిలేస్తే ఒక్క వానకు తిరిగి కాలువలోకే. బిల్లు మాత్రం వెనక్కి రాదు!

మంచినీళ్లలో క్లోరిన్‌ను ట్యాంకు దగ్గర కాదు, వీధి చివరి కుళాయి దగ్గర చూడాలి. క్లోరోస్కోపు (క్లోరిన్ చూసే పరికరం) గొట్టంలో నీరు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. రంగు రాలేదంటే క్లోరిన్ చాలలేదు, లేదా పైపు పగిలి మురుగు కలుస్తోంది. క్లోరిన్ కోసం నీళ్లలో కలిపే బ్లీచింగ్ పొడి మూతి కట్టని సంచిలో బలం తగ్గిపోవడమూ ఒక కారణమే.

కౌన్సిల్ సమావేశంలో ‘మా వార్డులో నీరు బాగోలేదు’ అంటే గాలికి పోతుంది. వీధి, కుళాయి, తేదీ, రీడింగు కాగితం మీద రాసిచ్చి మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో, ఎక్కించమంటే ఇంజనీరు జవాబు చెప్పక తప్పదు.

– కొందరు వార్డు వాసులు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా