స్లో జెట్ దారి తెరుచుకుంది శీనూ!

ఒరేయ్ శీనూ,

జవాబు బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నాన్నకి కంటి ఆపరేషన్ బాగానే జరిగింది, చుక్కల మందు వేస్తున్నాం. చిన్నదాని పరీక్షలు అయిపోయాయి. అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఇది విను: మన పాత కారు పెద్దాయనకి పెట్రోలూ గాలీ కలిపి పెట్టిన ఆ పాత కార్బురేటర్ బతికింది!

అదేరా, కారుకి వేరేది ఎక్కించినప్పుడు "పారేయకు, ఎప్పటికైనా అక్కరకొస్తుంది" అని నువ్వు నా చేతిలో పెట్టిన సోలెక్స్ కంపెనీది. దాన్ని విప్పి కడిగి దాచాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. మూత తీయగానే ఆ వాసన! పెట్రోలు నిలవుండే ఫ్లోట్ చాంబర్ అడుగున పెట్రోలు ఎండిపోయి బెల్లం పాకంలా గోధుమరంగు జిగురు పట్టేసింది. ఓ మూల తెల్లటి పొడి కూడా ఉంది. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కదా, ఆ తేమే లోహాన్ని తినేస్తుంది. అదృష్టం, పైపైనే ఉంది, గుంతలు పడలేదు.

విప్పేటప్పుడు ప్రతి దశకీ ఫోటో తీశాను. పెట్రోలు పాళ్లు సర్దే మిక్చర్ స్క్రూని మాత్రం ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ, ఆనేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టాకే బయటికి తీశా. రెండు చుట్లు, ఇంకో పావు. గట్టిగా బిగిస్తే దాని మొన మీద గాటు పడుతుంది, ఆ తర్వాత ఇంజన్ ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, నిలబడమన్నా నిలబడదు. డయాఫ్రమ్ అనే రబ్బరు పొర, రబ్బరు ఓ-రింగు, పెట్రోల్లో తేలే ఫ్లోట్ పక్కన పెట్టేశా. క్లీనర్ తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. యాక్సిలరేటర్ పంపు దారిలో ఉండే చిన్న ఉక్కు గోళీ గుర్తుందా? "పారిపోయిన అల్లుడు"! ఈసారి కింద పళ్లెం పెట్టి మరీ బోర్లించా, బుద్ధిగా పళ్లెంలోనే పడ్డాడు.

అసలు కథ ఇక్కడ మొదలైంది. లోహపు భాగాలన్నీ నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టేసరికి బయటికి తళతళలాడుతోంది. ఎవరైనా చూస్తే పని అయిపోయిందనే అంటారు. నాకు మాత్రం మనసొప్పలేదు. ఐడ్లింగ్‌కి పెట్రోలు కొలిచి వదిలే ఆ చిన్న ఇత్తడి ముక్క, స్లో జెట్‌ని ఊడదీసి, ఆ రంధ్రంలో స్ప్రే గొట్టం పెట్టి నొక్కాను. కింద యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ రేకు దగ్గర బయటికి రావాలి కదా. చుక్క రాలేదు! మళ్లీ నొక్కితే స్ప్రే వెనక్కి తిరిగి నేరుగా మొహం మీదికే కొట్టింది. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను, నీ పెళ్లికొడుకు కళ్లజోడే. దాన్ని చూసి ఇంకెప్పుడూ నవ్వను, ఒట్టు.

సన్న తీగ పెట్టి పొడవచ్చుగా అంటావని తెలుసు. వద్దురా, ప్లీజ్. ఆ జెట్ మీద 45 అని ఉంది. అంటే రంధ్రం 0.45 మిల్లీమీటర్లు. ఇత్తడి మెత్తన, ఉక్కు తీగతో గీకితే ఆ కొలత పోయినట్టే. రంధ్రం పెద్దదైతే పెట్రోలు ఎక్కువ దిగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ఆ వేలిగోరంత ఇత్తడి ముక్కని అంత కచ్చితంగా చేసిన వాళ్ల పనితనం మీద నాకు గౌరవం. దాన్ని పాడుచేయడానికి చెయ్యి రాదు.

అందుకని మళ్లీ నానబెట్టా. రాత్రంతా అదే ఆలోచన. పొద్దున తట్టింది, పైనుంచే ఎందుకు కొట్టాలి? మిక్చర్ స్క్రూ తీసిన రంధ్రం ఉంది కదా, అక్కణ్ణుంచి వెనక్కి కొడితే? కొట్టాను. మొదట ఏమీ లేదు. తర్వాత పైన స్లో జెట్ రంధ్రంలోంచి నల్లటి జిగురు ముక్క ఒకటి బయటికొచ్చింది. వెంటనే పైనుంచి కొట్టా. శీనూ, థ్రాటిల్ రేకు అంచు దగ్గరుండే ఆ చిన్న రంధ్రాల్లోంచి సన్నటి ధారలు, నిటారుగా! ఎంత గట్టిగా అరిచానంటే నాన్న ఒక కన్ను మూసుకునే బయటికొచ్చారు. నువ్వు పక్కన ఉండాల్సింది. నిజంగా చాలా వెలితిగా అనిపించింది. కార్బురేటర్ లేని ఇంజెక్షన్ కార్లు వచ్చాక ఈ సంతోషం అర్థమయ్యేవాళ్లు ఎంతమంది మిగిలారు చెప్పు? ఆ మధ్య ఒక కుర్రాడికి చోక్ అంటే ఏంటో... సరే, అది పెద్ద కథ.

దాచడం సంగతి. కడగడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే. ప్రతి దారిలో గాలి కొట్టి, తడి అన్నదే లేకుండా ఆరబెట్టా. థ్రాటిల్ ఇరుసుకీ, స్ప్రింగులకీ, ఉక్కు స్క్రూలకీ పలచగా మెషిన్ ఆయిల్ పూశా. దుమ్ము లోపలికి పోకుండా పాత ప్యాకింగే వేసి మూత పెట్టా. కారుకి ఎక్కించే రోజు కొత్త కిట్ వేయాల్సిందే, ఎండిన ప్యాకింగ్‌ని నమ్మలేం. పెట్రోలు వచ్చే మూతికీ, పైన గాలి మూతికీ టేపు వేశా. లోపల గుడ్డ మాత్రం కుక్కలేదు, నూలు పోగు ఒకటి జెట్‌లో ఇరుక్కుంటే కథ మొదటికొస్తుంది. గోధుమరంగు కాగితం చుట్టి, సిలికా జెల్ పొట్లంతో సహా గట్టి కవర్లో పెట్టి మూతి మూసేశా. డయాఫ్రమ్ వేరే కవర్లో, ఎండా వేడీ తగలని చోట. బయట చీటీ మీద జెట్ నంబర్లు, ఆ రెండుంపావు చుట్లు రాశాను.

ఒక్కటే మిగిలింది. మెయిన్ జెట్ మీద అంకె అరిగిపోయింది, 120 లాగానూ ఉంది, 125 లాగానూ ఉంది. నీ నల్ల నోట్‌బుక్‌లో రాసి ఉంటావు, చూసి చెప్పు. ఫ్లోట్ ఎత్తు కూడా అందులోనే ఎక్కడో... నాన్నకి చుక్కలు వేసే టైమైంది, పిలుస్తున్నారు. ఉంటానురా. నోట్‌బుక్ మర్చిపోకు!

నీ
మూర్తి