టాప్ తెరిచి చూపిస్తే, మూయించి చూడండి

సంపాదకులవారికి నమస్కారం.

పాత లగ్జరీ ఓపెన్ టాప్ కార్లు, అంటే పైకప్పు మడిచి తెరిచే బండ్లు, కొనేవాళ్లకు సలహాలిస్తూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంజిన్, గేర్‌బాక్స్, సర్వీసు పుస్తకం, కిలోమీటర్లు చూసుకోమన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ అంత పెద్ద వ్యాసంలో నీళ్ల మాట ఒక్కటీ లేదు. నేను ముప్పై నాలుగేళ్లుగా కార్ల సీట్ల పని చేస్తున్నాను. సీట్లు విప్పడం, కార్పెట్లు ఎత్తడం, టాప్ గుడ్డలు మార్చడమే నా బతుకు. ఇంజిన్ సంగతి మెకానిక్ చెబుతాడు. కార్పెట్ కింద సంగతి చెప్పడానికి మాబోటివాళ్లను ఎవరూ పిలవరు, అందుకే ఈ ఉత్తరం.

అమ్మేవాళ్లు ఈ బండిని ఎప్పుడూ మంచి ఎండలో, టాప్ తెరిచి, సీట్లకు పాలిష్ కొట్టి, పెళ్లికొడుకులా ముస్తాబు చేసి చూపిస్తారు. అందుకే బయల్దేరేముందే ఫోన్ చేసి చెప్పండి: టాప్ మూసి ఉంచండి, ఇంజిన్ స్టార్ట్ చేయకండి, నేను వచ్చాకే చేద్దాం అని. ముందురోజు రాత్రి వాన పడి ఉంటే ఇంకా మంచిది. వాన లేకపోతే టాప్ మీద రెండు బకెట్ల నీళ్లు పోయనిస్తారా అని అడగండి. వాన వస్తే తడిసే బండే కదా, నీళ్లు పోయడానికి అంత ఆలోచన ఎందుకు?

గుడ్డ టాప్ ఉన్న కారు నీళ్లన్నిటినీ బయటే ఆపేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. టాప్ అంచుల్లోకి దిగిన నీటిని సన్నటి కాలువల్లోకి మళ్లించి, అక్కడినుంచి రబ్బరు గొట్టాల్లోంచి బండి కిందికి వదిలేస్తారు. ఆ గొట్టాల్లో ఆకులు, దుమ్ము చేరి మూసుకుపోతే నీళ్లు పొంగి లోపలికి దిగుతాయి. దిగిన నీళ్లు కంటికి కనపడవు. కార్పెట్ పైకి పొడిగానే ఉంటుంది. దాని కింది మందపాటి ఫోమ్ మాత్రం నెలల తరబడి నీటిని పట్టుకుని కూర్చుంటుంది. నేను ఎత్తిన కొన్ని కార్పెట్ల కింద ఫోమ్‌ను పిండితే గిన్నెడు నీళ్లు వచ్చాయి. యజమానులకు ఆ సంగతే తెలీదు, అద్దాలు ఊరికే మంచు పట్టినట్టు అవుతున్నాయని అనుకున్నారంతే.

ఆ తడి పక్కనే కంప్యూటర్ డబ్బాలు ఉంటాయి. పోర్షే బాక్స్‌టర్ మొదటి తరం, అంటే 1996 నుంచి 2004 దాకా వచ్చిన బండ్లలో, తాళంచెవిని గుర్తుపట్టే యూనిట్ సీటు కిందే ఉంటుంది. టాప్ డ్రెయిన్లు మూసుకుంటే నీళ్లు సరిగ్గా అక్కడికే చేరతాయి. ఒక ఎండుటాకు గొట్టంలో ఇరుక్కున్నందుకు బండి స్టార్ట్ కాకుండా పోతుంది. మెకానిక్ ఇంజిన్ దగ్గర ఎంతసేపు వెతికితే ఏం దొరుకుతుంది?

కాబట్టి మొహమాటపడకండి. డోరు తీసి, గుమ్మం పట్టీ పక్కనుంచి వేళ్లు దూర్చి కార్పెట్ అడుగుదాకా నొక్కి చూడండి. సీటు ముందుకు జరిపి పట్టాల బోల్టులకు తుప్పుందేమో చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, బురద చారో బూజు మచ్చో ఉంటే అక్కడే బయటపడుతుంది. డిక్కీలో చాప ఎత్తి, స్టెపినీ పెట్టే గుంటలో చెయ్యి పెట్టండి. లోపల సెంటు వాసన గుప్పుమంటే, అది దేన్ని కప్పడానికి కొట్టారా అని అనుమానించండి. నేనైతే అద్దాలు మూసి ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను. ముక్కు నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

ఇక టాప్ సంగతి. ఇక్కడ నా సొంత తెలివితక్కువతనం కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట నేనే ఒక ముదురాకుపచ్చ ఓపెన్ టాప్ కారు కొన్నాను. కంపెనీ పేరు వద్దు, తప్పు నాది. లోపలి తోలు చూసి పడిపోయాను. ఇరవై ఏళ్ల తోలు, ఒక్క పగులు లేదు, కుట్టు సూదితో గీసినట్టు తిన్నగా ఉంది. టాప్ వేసి చూపించమంటే అమ్మేఆయన "మొన్ననే వేశాం, ఇవాళ బ్యాటరీ వీక్‌గా ఉందండీ" అన్నాడు. నేను తల ఊపాను! ఇంటికి తెచ్చిన మూడోనాడు టాప్ సగం లేచి, గొడుగు గాలికి తిరగబడ్డట్టు ఆకాశంలో నిలబడిపోయింది. పైన మబ్బులు. ఒకరు పంపు పోయిందన్నారు, ఇంకొకరు సిలిండర్ అన్నారు. ఆరు వారాల తర్వాత తేలిందేమిటంటే, డిక్కీ గడియ దగ్గరి వేలిగోరంత స్విచ్చి పోయింది. డిక్కీ మూత పడిందని ఆ స్విచ్చి చెబితేగానీ టాప్ కదలదు. ఇలాంటి స్విచ్చిలు ఒక్కో బండిలో చాలానే ఉంటాయి.

అందుకని ఇంజిన్ ఆన్‌లో ఉంచి, టాప్‌ను పూర్తిగా తెరిచి, పూర్తిగా మూసి, మళ్లీ ఇంకోసారి తెరిచి మూసి చూడండి. మధ్యలో ఎవరూ చెయ్యి సాయం పట్టకూడదు. రెండు వైపులూ సమానంగా లేస్తున్నాయా, ఒక పక్క వెనకబడుతోందా గమనించండి. బ్యాటరీ వీక్ అంటే బ్యాటరీ మార్చాకే వస్తానని చెప్పి వచ్చేయండి.

హైడ్రాలిక్ టాప్, అంటే నూనె ఒత్తిడితో కదిలేది అయితే నూనె కారిందేమో కూడా చూడాలి. 1989 నుంచి 2001 దాకా తయారైన మెర్సిడెస్ ఎస్‌ఎల్, 1996లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే8, ఈ రెండింటిలోనూ టాప్‌ను బిగించే సిలిండర్ ముందు అద్దం పైపట్టీ దగ్గరుంటుంది. వయసు మీరాక లోపలి సీళ్లు అరిగితే నూనె డ్రైవర్ నెత్తిన, ఒళ్లో పడుతుంది. తెల్లగుడ్డతో ఆ పట్టీని, సన్ వైజర్లను తుడిచి చూడండి. మరక కనిపిస్తే బేరం అక్కడినుంచి మొదలుపెట్టండి. సిలిండర్లకు కొత్త సీళ్లు వేసి బాగుచేసే పనివాళ్లు ఉన్నారు కాబట్టి భయపడి పారిపోనక్కర్లేదు. అదే మెర్సిడెస్‌లో బండి పల్టీ కొట్టే ప్రమాదం ఉందనుకుంటే మూడో వంతు సెకనులో లేచి నిలబడే రోల్‌బార్, అంటే లోపలివాళ్ల తలలను కాపాడే కమ్మీ ఉంటుంది. స్విచ్చి నొక్కితే అది లేచి, మళ్లీ దిగుతోందో లేదో చూడటం మరిచిపోవద్దు.

టాప్ గుడ్డలో ముందు పోయేది గుడ్డ కాదు, దారం. కుట్టు వెంట గోరుతో గీకండి. దారం పొడిలా రాలితే ఆ టాప్‌కి ఇక ఎక్కువ రోజుల్లేవు. టాప్ మడత పడే చోట్ల అరుగుదల చూడండి. నల్లగా కొత్తదానిలా మెరుస్తుంటే తడి తెల్లగుడ్డతో రుద్దండి, రంగు కొట్టి ఉంటే గుడ్డకు అంటుకుంటుంది. వెనక కిటికీ ప్లాస్టిక్‌ది అయితే ఎండకు పసుపెక్కి పెళుసుబారుతుంది. గాజుది అయితే దాన్ని గుడ్డకు అతికించిన చోట మూలల్లో విడిపోతుంది. ఆ మూలను బొటనవేలితో మెల్లగా నెట్టి చూడండి. విడిపోయినదాన్ని బజారు జిగురుతో అతికించామని చెబితే నమ్మకండి, అది నిలవదు.

పైకప్పు లేని బండికి బలంలో ఎక్కువ భాగం డోర్ల కింది గుమ్మాల్లోనే ఉంటుంది. అక్కడ తుప్పు పట్టినా, ప్రమాదంలో వంగినా డోరు చుట్టూ సందు ఒకచోట వెడల్పుగా, ఒకచోట ఇరుకుగా కనిపిస్తుంది. గతుకుల రోడ్డు మీద నడిపి, లోపలి అద్దం వైపు చూడండి. కాస్త వణకడం మామూలే. వెనక బండి ముఖమే కనపడనంతగా వణికితే మాత్రం కింద లిఫ్ట్ ఎక్కించి చూడాల్సిందే.

తక్కువ తిరిగిన బండి అని మురిసిపోవడం నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. తిరగని బండికి రబ్బరు ఎండిపోతుంది. టైర్ల గాట్లు కొత్తగా ఉంటాయి గానీ టైర్లు ముసలివి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2309 అంటే 2009లో 23వ వారం తయారీ. వైర్లదీ అదే కథ. 1990ల మొదట్లో, మధ్యలో వచ్చిన కొన్ని మెర్సిడెస్ ఇంజిన్లలో వైర్ల పైతొడుగు వేడికి పెంకులా రాలిపోతుంది. అలాంటి బండిలో ఆ వైరింగ్ మార్చిన బిల్లు ఉందా అని ముందే అడగాలి.

ఎయిర్‌బ్యాగ్ విషయం మాత్రం బేరాలకు సంబంధించింది కాదు, ప్రాణాలకు సంబంధించింది. తకాటా కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లో, బ్యాగును ఉబ్బించడానికి వాడిన అమోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికి, తేమకు చెడిపోయి, బ్యాగు విచ్చుకునేటప్పుడు ఇనప ముక్కలు జనం మీదికి ఎగిరాయి. మనుషులు చచ్చిపోయారు. చాలా కంపెనీల కార్లను వెనక్కి పిలిచారు, తకాటా 2017లో దివాలా తీసింది. ఓపెన్ టాప్ కార్లు వేడిలోనూ తేమలోనూ ఎక్కువే గడుపుతాయి కదా. ఛాసిస్ మీది 17 అక్షరాల నంబరు రాసుకుని, ఆ బండికి రీకాల్ పని జరిగిందా లేదా అని కంపెనీ సర్వీసు వాళ్లను అడగండి. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే లైటునే పీకేశారేమో చూడాలి.

ఇదంతా మా మేనల్లుడు పుణ్యమా అని గుర్తొచ్చింది. మొన్న ఒక బండి చూడ్డానికి వెళ్లి అక్కడినుంచే ఫోన్ చేశాడు.

"మామయ్యా, ఇంజిన్ సూపర్‌గా ఉంది. అడ్వాన్స్ ఇచ్చెయ్యనా?"

"కార్పెట్ కింద చెయ్యి పెట్టావురా?"

"పైన పొడిగానే ఉంది మామయ్యా."

"పైన కాదురా, కింద!"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి, "నా చొక్కా చెయ్యి తడిసింది మామయ్యా" అన్నాడు.

ఆ తర్వాత ఇంకో రెండు బండ్లు చూశాడు. రెండోదాని యజమాని అడగకముందే డిక్కీ లోపలి పట్టీ విప్పి, డ్రెయిన్ గొట్టాల్లో నీళ్లు పోసి, కింద ఎక్కడ కారుతున్నాయో చూపించాడట. దాని టైర్లు మాత్రం పదేళ్లవి, వెనక కిటికీ మూల కొంచెం లేచింది. ధరలో ఆ రెండూ తగ్గించమని అడిగాడు. ఆయన ఆలోచిస్తున్నాడు. మావాడు మాత్రం మళ్లీ ఒకసారి చూడ్డానికి వాన కోసం ఎదురుచూస్తున్నాడు.

ఇట్లు,
కార్ల సీట్ల పనివాడు, మీ పాత పాఠకుడు