ఒక కేసులో ఉరి తీశారు, మిగతా కేసుల మాటేమిటి?

సంపాదకులకు,

యుద్ధంలో ఓడి పట్టుబడ్డ నియంతను వీలైనంత తొందరగా ఉరితీయడమే న్యాయమని, విచారణ పేరుతో సాగదీయడం బాధితులకు ద్రోహమని వాదిస్తూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాం. వ్యాసకర్త తన వాదనకు ఆధారంగా చూపింది ఇరాక్ మాజీ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌నే. ఆ కేసు కాగితాలు తిరగేస్తే కనిపించేది మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. సద్దాం నిర్దోషి అని మేము అనడం లేదు. మరణశిక్ష అసలు ఉండాలా వద్దా అన్న పెద్ద చర్చలోకీ పోవడం లేదు. ఉండి తీరాలనేవారు కూడా కొన్నింటికి జవాబు చెప్పాలి: ఏ కేసులో ఉరి తీశారు, ఎన్ని రోజుల్లో తీశారు, ఎవరు సంతకం పెట్టారు, అప్పటికి ఇంకా ఏయే కేసులు మిగిలి ఉన్నాయి?

ముందు కేసు సంగతి. 1982 జులై 8న ఇరాక్‌లోని దుజైల్ పట్టణంలో సద్దాం వాహనశ్రేణి మీద కాల్పులు జరిగాయి. దానికి ప్రతీకారంగా భద్రతా దళాలు ఊరి మీద పడ్డాయి. స్త్రీలు, పిల్లలతో సహా వందలాది మందిని పట్టుకుపోయి జైల్లో, ఆ తర్వాత ఎడారి శిబిరంలో ఏళ్ల తరబడి ఉంచారు. తోటలు నేలమట్టం చేశారు. అవాద్ అల్ బందర్ అధ్యక్షతన ఉన్న విప్లవ న్యాయస్థానం 148 మంది పురుషులకు, బాలురకు మరణశిక్ష వేసింది. అందులో కొందరు అప్పటికే చిత్రహింసలకు తాళలేక చనిపోయారు. చనిపోయినవాళ్లకు కూడా శిక్ష వేసిన కోర్టు అది. ఆ జాబితాకు ఆమోదం తెలుపుతూ సద్దాం సంతకం పెట్టాడు. ఆ 148 మందిని కోర్టుకు పంపిందీ, తోటలు తీయించిందీ తానేనని 2006 మార్చి 1న కోర్టులో తన నోటితోనే చెప్పాడు.

ప్రాసిక్యూటర్లు ముందుగా దుజైల్‌నే ఎందుకు తీసుకున్నారో ఇక్కడే తెలుస్తుంది. ఘటన ఒక్కటి, ఊరు ఒక్కటి, సంతకంతో ఉన్న కాగితం చేతిలో ఉంది. కొత్తగా ఏర్పడిన కోర్టు చిన్న కేసుతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. ఆ చిన్న కేసుకే ఉరి అమలు చేసేసి, పెద్ద కేసుల్లో ముద్దాయి లేకుండా చేసుకోవడం దగ్గర వచ్చింది తప్పు.

ఇంకో మాట. దుజైల్‌లో నేరం ఏమిటి? సరైన విచారణ లేకుండా మనుషుల్ని ఉరికంబం ఎక్కించడం. ఆ నేరానికి శిక్ష వేసే కోర్టు తన విచారణలో వేలెత్తి చూపించుకోకుండా ఉండాలి కదా. జరిగింది చూడండి. 2005 అక్టోబరు 19న విచారణ మొదలైంది. మరుసటి జూన్ ముగిసేలోపే ముగ్గురు డిఫెన్స్ లాయర్లను హత్య చేశారు. మెతగ్గా ఉన్నాడని ప్రభుత్వ పెద్దలు విమర్శించడంతో ప్రధాన న్యాయమూర్తి రిజ్గార్ అమీన్ 2006 జనవరిలో రాజీనామా చేశారు. ఆయన స్థానంలోకి వచ్చిన రవూఫ్ అబ్దుల్ రహమాన్ సొంత ఊరు హలబ్జా, సద్దాం విషవాయువు వదిలించిన పట్టణం. ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఆ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి ఉండకూడదు. కుర్దుల ఊచకోతకు సంబంధించిన అన్ఫాల్ కేసులో ఇంకా దారుణం. సద్దాం నియంత కాడని నిండు కోర్టులో అన్నందుకు న్యాయమూర్తి అబ్దుల్లా అల్ అమీరీని 2006 సెప్టెంబరులో ఏకంగా మంత్రివర్గమే తప్పించింది. ఆ మాట అన్నవాణ్ని తప్పించాల్సిందేనేమో, కానీ ఆ పని చేయాల్సింది పై కోర్టు.

ఇక తేదీలు. దుజైల్ తీర్పు చదివింది 2006 నవంబరు 5న. దాదాపు 300 పేజీల తీర్పు నకలు డిఫెన్స్ లాయర్ల చేతికి వచ్చింది నవంబరు 22న. అప్పీలుకు గడువు తీర్పు చదివిన రోజు నుంచి 30 రోజులు, అంటే డిసెంబరు 5. నకలు చూసుకుని అప్పీలు రాసుకోవడానికి మిగిలింది రెండు వారాల లోపే. మరో మూడు వారాలకు, డిసెంబరు 26న అప్పీళ్ల ధర్మాసనం శిక్షను ఖాయం చేసింది. 30 తెల్లవారుజామున ఉరి తీశారు. తుది తీర్పుకు, ఉరికి మధ్య నాలుగు రోజులు.

సద్దాంను విచారించిన ప్రత్యేక కోర్టు, అంటే ఇరాక్ ట్రైబ్యునల్ చట్టం 27వ అధికరణం ప్రకారం తుది తీర్పు వచ్చాక 30 రోజుల్లోగా శిక్ష అమలు చేయాలి, అధ్యక్షుడితో సహా ఎవరికీ క్షమాభిక్ష పెట్టే అధికారం గానీ శిక్ష తగ్గించే అధికారం గానీ లేదు. ఇరాక్ 1971లోనే ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం ఆరో అధికరణం చెప్పేది ఇందుకు నేరుగా వ్యతిరేకం: మరణశిక్ష పడ్డ ప్రతి వ్యక్తికీ క్షమాభిక్ష కోరే హక్కు ఉంటుంది. ఇచ్చి తీరాలని కాదు, అడిగే దారి మూయకూడదని. ఆ దారి మూస్తూ రాసిన చట్టం పుట్టుకతోనే లోపభూయిష్ఠం.

జెనీవా ఒప్పందాల సంగతీ చూడాలి. 2004 జనవరిలో అమెరికా రక్షణ శాఖ సద్దాంను యుద్ధఖైదీగా ప్రకటించింది. యుద్ధఖైదీకి మరణశిక్ష పడితే, అతని తరఫున చూసే దేశానికి తెలియజేశాక కనీసం ఆరు నెలలు ఆగాలని మూడో జెనీవా ఒప్పందం 101వ అధికరణం అంటుంది. 2004 జూన్ 30న చట్టపరమైన కస్టడీ ఇరాక్‌కు మారింది కాబట్టి ఆ నిబంధన వర్తించదని వాదించేవారున్నారు. వాదించవచ్చు. కానీ కాగితం మీద కస్టడీ మారిందే తప్ప, ఉరి తీసే రోజు దాకా మనిషిని కాపలా కాసింది అమెరికా సైనికులే. ఓడినవాడు శత్రువు చేతిలో ఉన్నప్పుడు ఆవేశం చల్లారేదాకా ఆగాలన్నదే ఆ ఆరు నెలల నిబంధన వెనకున్న ఉద్దేశం. ఎవరి కస్టడీ అన్న వాదనలో అది కొట్టుకుపోయింది.

సంతకం గొడవ వేరే. ఇరాక్ రాజ్యాంగం ప్రకారం మరణశిక్షకు అధ్యక్షుడి ఆమోదం కావాలి. అధ్యక్షుడు జలాల్ తలబానీ మరణశిక్షకు సూత్రప్రాయంగా వ్యతిరేకి, సంతకం పెట్టనన్నారు. ఉరి ఉత్తర్వు మీద చివరికి సంతకం పెట్టింది ప్రధాని నూరీ అల్ మాలికీ. ఆపైన, ఖైదీ మతానికి చెందిన పండుగ రోజుల్లో ఉరి తీయకూడదని ఇరాక్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 290వ సెక్షన్ చెబుతుంది. 2006 డిసెంబరు 30 ఇరాక్ సున్నీలకు బక్రీద్ తొలి రోజు. అక్కడి షియాలకు పండుగ మర్నాడు. సద్దాం సున్నీ. ప్రభుత్వం ఏ క్యాలెండర్ చూసి ముహూర్తం పెట్టిందో ప్రతి ఇరాకీకీ అర్థమైంది. దుజైల్ నేరానికి పడిన శిక్ష ఆ ఒక్క ఉదయంతో ఒక వర్గం మరో వర్గం మీద తీర్చుకున్న కక్షగా మారిపోయింది.

ఉరికంబం దగ్గర జరిగింది సెల్‌ఫోన్ వీడియోలో లోకమంతా చూసింది. మెడకు తాడు బిగించాక కూడా అక్కడున్నవాళ్లు షియా మతనేత ముక్తదా అల్ సదర్ పేరు చెప్పి నినాదాలు చేశారు, దూషించారు. మనిషి ఉరికి సిద్ధంగా ఉన్నాడు, ఊరుకోండని ప్రాసిక్యూటర్ మున్‌ఖిత్ అల్ ఫరూన్ వారించాల్సి వచ్చింది. ఎవరు లోపలికి రావాలి, ఫోన్లు ఎవరు తీసిపెట్టాలి, ఎవరు మౌనంగా ఉండాలి అన్నవి జైలు మాన్యువల్‌లో మామూలు విషయాలు. అవి కూడా పాటించలేదు. పదహారు రోజులకు, 2007 జనవరి 15న సద్దాం సవతి సోదరుడు బర్జాన్‌ను, అవాద్ అల్ బందర్‌ను ఉరితీశారు. కాళ్ల కింది తలుపు తెరుచుకున్నాక ఎంత లోతు పడాలన్నది ఖైదీ బరువును బట్టి లెక్కగట్టాలి. ఆ లెక్క తప్పి బర్జాన్ తల మొండెం నుంచి వేరైంది. అనుకోకుండా జరిగిందని ప్రభుత్వం చెప్పింది. కావచ్చు. నమ్మేవాళ్లే మిగల్లేదు, రెండు వారాల ముందటి వీడియో అందరి కళ్లలోనూ ఉంది మరి.

ఇప్పుడు అసలు నష్టానికి వద్దాం. కుర్దుల మీద 1988లో సాగించిన అన్ఫాల్ దాడుల కేసు 2006 ఆగస్టు 21న మొదలైంది. అభియోగం జాతి సంహారం. మృతులు కనీసం 50 వేలని మానవ హక్కుల పరిశోధకులు, 1,82,000 అని కుర్దు నాయకులు చెబుతారు. దుజైల్‌లో ఒక్క సంతకం ఆధారమైతే, ఇక్కడ ఇరాక్ రహస్య పోలీసుల దస్త్రాలే 14 టన్నులు 1992లో అమెరికాకు చేరాయి. ఉరి తర్వాత 2007 జనవరి 8న కోర్టు మళ్లీ కూర్చుంది. రసాయన ఆయుధాలు వాడటం గురించి సద్దాం, అతని బంధువు అలీ హసన్ అల్ మజీద్ మాట్లాడుకున్నవంటూ ప్రాసిక్యూషన్ టేపులు వినిపించింది. ఆ గొంతు నీదేనా అని అడగడానికి సద్దాం లేడు. అతని మీద అభియోగాలు ఆ రోజే రద్దయ్యాయి. జాతి సంహారానికి సద్దాంను ఏ కోర్టూ దోషిగా తేల్చలేదు, ఇక తేల్చదు కూడా. హలబ్జాలో ఒక్కరోజే దాదాపు 5,000 మంది చనిపోయారు. ఆ కుటుంబాలకు దొరికింది మజీద్, మరికొందరు అనుచరుల మీద తీర్పు మాత్రమే. ఇరాన్‌తో యుద్ధం, కువైట్ ఆక్రమణ, 1991 తిరుగుబాటు అణచివేత, వీటికీ అదే గతి.

ఆ రసాయనాలు అమ్మిన వాళ్ల మాటేమిటి? డచ్ వ్యాపారి ఫ్రాన్స్ ఫాన్ అన్రాత్‌కు 2005 డిసెంబరులో హేగ్ కోర్టు 15 ఏళ్ల జైలు వేసింది, అప్పీలులో అది 17 అయింది. అంటే సరఫరాదారుల దాకా వెళ్లే దారి తెరిచే ఉంది. ఎవరెవరి దగ్గర కొన్నావని నిలదీసి అడగాల్సిన పెద్ద సాక్షిని మాత్రం దుజైల్ కేసులోనే ఉరితీసేశారు.

మరణశిక్ష వల్ల ఇంకో నష్టం పైకి కనబడదు. శిక్ష ఉరి అని తెలిశాక ఐక్యరాజ్యసమితి ఈ ట్రైబ్యునల్‌కు దూరంగా ఉంది. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన యుగోస్లావియా యుద్ధనేరాల ట్రైబ్యునల్ న్యాయమూర్తులు 2004 అక్టోబరులో ఇరాక్ న్యాయమూర్తులకు శిక్షణ ఇవ్వకుండా అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఆపించారు. సామూహిక సమాధులు తవ్వి ఎముకలు గుర్తించే పనిలో ఆరితేరిన యూరప్ ఫోరెన్సిక్ బృందాలు రాలేదు. బోస్నియాలో అలాంటి బృందాల పని వల్లే ఎన్నో కుటుంబాలకు తమవారి అవశేషాలు దక్కాయి.

బతికుంటే మళ్లీ వస్తాడన్నది వ్యాసకర్త గట్టి వాదన. దేశం నుంచి వెళ్లగొట్టి ఉంచిన ఎల్బా దీవి నుంచి నెపోలియన్ 1815లో తిరిగొచ్చాడు, నిజమే. రెండోసారి అతన్ని చంపలేదు, సెయింట్ హెలీనా దీవికి పంపారు. 1821లో అక్కడే పోయాడు. ముప్పు తప్పించింది దూరం. హిట్లర్ అనుచరుడు రుడాల్ఫ్ హెస్ 1987లో చనిపోయేదాకా బెర్లిన్ స్పాండావ్ జైల్లోనే ఉన్నాడు, నాజీ ప్రభుత్వమేమీ తిరిగి రాలేదు. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, అసలు చిక్కు చనిపోయాకే. సొంత ఊరు అల్ ఔజాలోని సద్దాం సమాధికి అభిమానులు పోటెత్తారు, 2015 యుద్ధంలో కూలేదాకా అది అలాగే ఉంది. సద్దాం నడిపిన బాత్ పార్టీ పగ్గాలు అతని సహచరుడు ఇజ్జత్ ఇబ్రహీం అల్ దూరీ చేతికి వెళ్లాయి, పోరాటం ఆగలేదు.

యుగోస్లావియా మాజీ అధ్యక్షుడు మిలోసెవిచ్ ఉదాహరణ మమ్మల్ని ఇబ్బంది పెట్టేదే, దాచడం ఎందుకు? 2002 ఫిబ్రవరిలో మొదలైన విచారణ నాలుగేళ్లు సాగి, తీర్పు రాకముందే 2006 మార్చి 11న అతను జైలు గదిలో చనిపోయాడు. కొసావో, క్రొయేషియా, బోస్నియా అభియోగాలన్నీ ఒకే కట్టగా కట్టడం వల్ల వచ్చిన చిక్కు అది. కాబట్టి అన్నీ కలిపి విచారించమని మేము చెప్పడం లేదు. ఇరాక్‌లో చేసినట్టే విడివిడిగా విచారించి, చిన్న కేసులో తీర్పు ముందే ఇవ్వవచ్చు. శిక్ష అమలును మాత్రం చివరి కేసు దాకా నిలపాలి. 27వ అధికరణంలో “30 రోజుల్లోగా” అన్నచోట “పెండింగు అభియోగాలన్నీ తేలాక” అని రాసి ఉంటే దుజైల్ బాధితులకు పోయేదేమీ ఉండేది కాదు.

చార్లెస్ టేలర్ కేసు నడిచింది కూడా అదే కాలంలో. లైబీరియా మాజీ అధ్యక్షుణ్ని సియెర్రా లియోన్‌లోనే విచారిస్తే అల్లర్లు వస్తాయన్న భయంతో, భద్రతామండలి 2006 జూన్‌లో 1688వ తీర్మానం చేసి కేసును హేగ్‌కు మార్చింది. దోషిగా తేలితే శిక్షాకాలం ఎక్కడన్న ప్రశ్న ముందే వచ్చింది, బ్రిటన్ తమ జైల్లో ఉంచుకుంటామని విచారణ మొదలవక ముందే ఒప్పుకుంది. 2012లో 11 అభియోగాల్లోనూ దోషిగా తేల్చి 50 ఏళ్ల శిక్ష వేశారు, 2013 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. నియంత బతికుంటే అనుచరులు బందీలను పట్టుకుని విడిపించుకుంటారని భయపడేవారుంటారు, టేలర్ విషయంలో అలాంటి ప్రయత్నమేదీ జరగలేదు. చాద్ మాజీ నియంత హిస్సేన్ హబ్రేకు 2016లో సెనెగల్‌లోని డాకర్‌లో, ఆఫ్రికన్ యూనియన్‌తో కలిసి ఏర్పాటు చేసిన ప్రత్యేక కోర్టు యావజ్జీవం వేసింది. చాద్ బాధితులు ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పారు, హబ్రే కూర్చుని విన్నాడు. తీర్పు వచ్చాక కూడా బతికే ఉన్నాడు కాబట్టి పరిహారం కేసు అతని మీదే నడిచింది.

ఇట్లు,
అంతర్జాతీయ నేర న్యాయం బోధించే కొందరు అధ్యాపకులు