ముందు మీటరు పెట్టండి, తర్వాత పార్టు మార్చండి

సంపాదకులకు నమస్కారం.

మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం. 2004 మోడల్ మారుతి 800 ఇంకా వాడుతున్నాం. పోయిన నెలలో తెల్లవారుజామున అమ్మను ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్దామని తాళం తిప్పితే 'టక్'మని ఒక్క చప్పుడు, అంతే, ఇంజిన్ తిరగలేదు. షెడ్డులో అడిగితే బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. రెండు రోజులు నడిచి మళ్లీ అదే టక్. ఈసారి సెల్ఫ్ మోటారు అన్నారు, అదీ మార్చాం. ఎనిమిది వేలు దాటింది, వారం తిరక్కుండా బండి మళ్లీ మొండికేసింది.

చివరికి ట్రాక్టర్లు బాగుచేసే ఒక పెద్దాయన వచ్చాడు. ఏదీ విప్పలేదు. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమన్నాడు. లైట్లు కొంచెం కూడా మసకబారలేదు. "బ్యాటరీ బాగానే ఉంది నాయనా, కరెంటు ఇంజిన్ దాకా పోయి తిరిగి రావట్లా" అన్నాడు. ఓల్టులు కొలిచే మల్టీమీటరు వైరు ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద ఆనించి మళ్లీ సెల్ఫ్ కొట్టించాడు. అర ఓల్టు దాటకూడని చోట ఏడు ఓల్టుల పైన చూపించింది. కరెంటు ఇంజిన్ నుంచి బ్యాటరీకి తిరిగొచ్చే ఎర్త్ వైరు విప్పితే బోల్టు కింద పచ్చగా చిలుము, పట్టుకుంటే రాగి పోగులు పొడిపొడిగా రాలిపోయాయి. సముద్రపు ఉప్పుగాలికి ఇరవై ఏళ్లు తిన్న వైరు అది. కొత్త వైరు వేసి, బోల్టు చోటు గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే అంతా కలిపి మూడొందలు కాలేదు.

ఇది రాసేది నా డబ్బులు పోయాయని కాదు, పాత బండ్లున్న చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది, నాకు బాధగా ఉంది. మల్టీమీటరు మూడు, నాలుగొందలకు దొరుకుతుంది. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.4 దాకా రావాలి. ఇంజిన్ నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే బ్యాటరీని తిట్టకండి, చార్జింగ్ చేసే ఆల్టర్నేటర్ వైపు, దాని బెల్టు వైపు చూడండి.

ఎండాకాలం హీటెక్కే గొడవ కూడా అంతే. ఊళ్లో ట్రాఫిక్‌లో ముల్లు పైకెక్కి, హైవే మీద దిగిపోతుంటే ఎక్కువగా అది రేడియేటర్ ఫ్యాను పనే, ముందు దాని ఫ్యూజు, దానికి కరెంటు కలిపే రిలే చూడాలి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. హైవే మీద స్పీడులో పోతున్నా ఎక్కుతుంటే మాత్రం ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గిందేమో, రేడియేటర్ పూడిందేమో చూడాలి. ఏదైనా సరే వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు, ముఖం కాలుతుంది.

మెకానిక్‌లను ఒక్కళ్లనే అనడం కూడా న్యాయం కాదు. పార్టు మారిస్తే డబ్బులిస్తాం, గంటసేపు వెతికి లోపం పట్టుకుంటే "చూసినందుకు కూడా డబ్బులా" అంటాం. మరి ఆ గంట ఎవరు వెతుకుతారు? మా షెడ్డు అబ్బాయికి ఇప్పుడే చెప్పి వచ్చాను, ఈసారి నా బండి వస్తే ముందు మీటరు పెట్టు, చూసినందుకు రెండొందలు విడిగా ఇస్తాను అని.

- ఒక పాఠకుడు, కొత్తపట్నం