విండోస్ వేసిచ్చేటప్పుడు అప్‌డేట్లు ఆపేయొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఓటీపీ చెప్పొద్దు, తెలియని లింకు నొక్కొద్దు అని పేపర్లలో తరచూ వస్తోంది, మంచిదే. ఇంట్లో ఉన్న కంప్యూటర్ సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోవట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

మా నల్లగొండలో పిల్లల చదువుల కోసం సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొనేవాళ్లు చాలామంది. స్లో అయితే రిపేర్ షాపులో ఇచ్చి ఫార్మాట్ కొట్టిస్తారు. షాపులో విండోస్, ఆఫీస్, ఫోటోషాప్, అను ఫాంట్లు అన్నీ ఒకేసారి వేసిచ్చేస్తారు, చాలాచోట్ల అవి లైసెన్స్ లేని క్రాక్ కాపీలే. క్రాక్‌ను యాంటీవైరస్ పట్టుకుంటుంది కాబట్టి ముందు దాన్ని ఆపుతారు, మళ్లీ లైసెన్స్ గొడవ రాకుండా అప్‌డేట్లు కూడా ఆపేస్తారు, మనకు మాత్రం ఒక్క మాట చెప్పరు. సిస్టమ్ ఫాస్ట్‌గా నడుస్తోంది కదా అని డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకుంటాం. ఇది చాలా తప్పు పద్ధతి.

2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా ఆస్పత్రులను, ఆఫీసులను ఆగం చేసింది, ఫైళ్లన్నిటికీ తాళమేసి బిట్‌కాయిన్లు అడిగింది. అది దూరిన లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది! దెబ్బతిన్నవాటిలో ఎక్కువ అప్‌డేట్ చేసుకోని విండోస్ 7 సిస్టమ్‌లే. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేకుండా నెట్‌వర్క్ మీద ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి దానంతటదే పాకింది, కాబట్టి "నేను జాగ్రత్తగానే వాడతా" అంటే సరిపోదు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. సెట్టింగుల్లో అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

ఇక పెన్‌డ్రైవ్. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) అప్లికేషన్ అనో, హాల్ టికెట్ ప్రింట్ అనో నెట్ సెంటర్లో గుచ్చి, అదే తెచ్చి ఇంట్లో గుచ్చుతాం. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనిపిస్తే అది వైరస్ పనే అనుకోవాలి, డబుల్ క్లిక్ చేయొద్దు, కంగారుపడి ఫార్మాట్ కూడా కొట్టొద్దు, ఫైళ్లు సాధారణంగా దాంట్లోనే దాగి ఉంటాయి. ముందు స్కాన్ చేయండి. పీడీఎఫ్ మెయిల్ చేస్తే అసలు పెన్‌డ్రైవ్ పనే లేదు.

పెళ్లి ఫోటోలు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, పిల్లల మెమోలు వేరే హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ పెట్టుకోండి. కాపీ అవ్వగానే డిస్క్ పీకేయాలి, తగిలించి ఉంచితే తాళమేసే వైరస్ దాన్నీ వదలదు.

యాంటీవైరస్ కొనాలని టెన్షన్ అక్కర్లేదు. విండోస్ 10, 11లో డిఫెండర్ దాంతోపాటే వస్తుంది, ఇంటి వాడకానికి నా లెక్కన అది చాలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. ఆన్‌లైన్ మోసంలో డబ్బులు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

రిపేర్ షాపుల వాళ్లకు నా విన్నపం ఒకటే: ఏం వేశారో, ఏం ఆపారో బిల్లు మీద రాసివ్వండి. పాఠకులు కూడా ఈ రోజే విండోస్ సెక్యూరిటీ తెరిచి చూడండి. ప్రొటెక్షన్ ఆఫ్‌లో కనబడితే ఆన్ చేయండి, అవ్వకపోతే వేసిచ్చిన షాపుకే తీసుకెళ్లి ఎందుకు ఆపారని అడగండి.

– మీ పాఠకుడు, నల్లగొండ